తడిగుడ్డ కింద రెండో ముద్ద

"ఇవాళ అమ్మ ఏమైనా మర్చిపోయిందా?"

ఫోన్‌లో వెలిగిన ఆ మెసేజిని కోడలు చప్పున అరచేత్తో కప్పేసింది. పక్క స్టూలు మీదే అత్తగారు కూర్చుని ఉంది. ఆవిడది మసక వెలుతురులో కూడా సూదిలోకి దారం ఎక్కించే చూపు. పక్కవాళ్ళ ఫోన్‌లో అక్షరాలు చదవడం ఆవిడకో లెక్క కాదు.

నిజానికి కోడలు ఈ ప్రయాణానికి వచ్చింది విహారానికి కాదు, కాపలాకి.

అత్తగారికి టైలరింగ్ షాపు ఉంది. బజారంతా ఆవిడని టైలరమ్మ అనే పిలుస్తుంది. ఈమధ్య ఒకరోజు షాపుకి తాళం వెయ్యడం మర్చిపోయి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఒక పెద్దమనిషి చొక్కాకి రెండు వైపులా ఎడమ చెయ్యే కుట్టిచ్చింది. ఆయన అది తొడుక్కుని పెళ్ళికి వెళ్ళబోయి, సగంలో ఇరుక్కుని, అలాగే షాపుకి నడిచొచ్చాడు. బజారంతా నవ్వింది. కొడుకు మాత్రం నవ్వలేదు. షాపు మూసేసి అమ్మని ఇంట్లో కూర్చోబెడతానన్నాడు.

"మూసెయ్. దాంతోపాటు నా నోరూ మూసేస్తాను. రెండు షట్టర్లూ ఒకేసారి దించు" అంది ఆవిడ.

అందుకే కొడుకు ఈ ఉపాయం పన్నాడు. సరదాగా నాలుగు ఊళ్ళు చూసి రమ్మని ఇద్దరినీ పంపించి, తను ఆఫీసు వంక పెట్టి ఆగిపోయాడు. బయల్దేరేముందు భార్యని పక్కకి పిలిచాడు. "నువ్వు రోజూ చేసే పనేగా. కళ్ళు తెరుచుకుని చూడు. ఇంకొక్క పెద్ద వస్తువు పోగొట్టిందా, షాపు అద్దెకిచ్చేద్దాం. తీసుకునేవాడు రెడీగా ఉన్నాడు."

కోడలు రోజూ చేసే పని అదే. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేస్తుంది. కాలిపోయిందన్న గోడౌను కాలిందా, కాల్చారా? పోయిందన్న బండి పోయిందా, అమ్ముకున్నారా? ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని ఆఫీసులో ఆమెకి పేరు. కంటితో చూడనిదానికి ఆమె సంతకం పెట్టదు.

అలాంటి మనిషి ఇప్పుడు నడుముకి గోనెగుడ్డలాంటి ఏప్రాన్ కట్టుకుని కుండలు చెయ్యడానికి కూర్చుంది. లాడ్జి వాళ్ళు చెప్పారు, ఈ ఊరికొచ్చి మట్టి ముట్టుకోకుండా పోతే ఎలాగని.

ఏటి ఒడ్డు వీధిలో పొడవాటి షెడ్డు అది. పైన రేకులు, కింద సిమెంటు నేల. గోడ పొడుగునా అరలు, వాటి మీద ఇంకా కాల్చని గిన్నెలూ కూజాలూ బూడిదరంగులో ఆరుతున్నాయి. మధ్యలో కరెంటు చక్రాలు. ఒక్కో చక్రం పక్కనా ఒక పీట. పీట మీద తడిగుడ్డ కప్పిన రెండేసి మట్టి ముద్దలు.

"మొదటి ముద్ద పాడుచెయ్యడానికి, రెండోది పనికొచ్చేది చెయ్యడానికి" అంది టీచరు. ఆమెది పొట్టి జుట్టు, గట్టి గొంతు. చెవి తమ్మెల మీద కూడా మట్టి చుక్కలున్నాయి. "మొదటిది బాగా వచ్చిందని ఎవరూ మురిసిపోకండి, రెండోది కూలుతుంది. ఉంగరాలు, గాజులు, వాచీలు తీసి ఈ గిన్నెలో వెయ్యండి."

అత్తగారు ఆ గిన్నె వంక ఎగాదిగా చూసింది. "అందరి సొత్తూ ఒకే గిన్నెలోనా? దొంగకి వడ్డించిన విస్తరిలా ఉంది."

"మెల్లిగా అత్తయ్యా. వింటారు."

"వినాలనే అన్నాను."

ఆవిడ వేలికున్నది మామగారి ఉంగరం. ఆయన పోయాక, వదులుగా ఉందని లోపలివైపు ఎర్ర దారం చుట్టి తను పెట్టుకుంది. సబ్బు తగిలి దారం వెలిసినప్పుడల్లా కొత్తది చుడుతుంది గానీ ఉంగరం చిన్నది చేయించదు, కరిగించదు. ఇంట్లో ఎప్పుడైనా తియ్యాల్సొస్తే దాన్ని పిండి డబ్బాలో, అడుగున గుచ్చి దాస్తుంది. బీరువా బద్దలుకొట్టేవాడికి పిండిలో చెయ్యి పెట్టే ఓపిక ఉండదని ఆవిడ సిద్ధాంతం.

కోడలు లేచి వెళ్ళి తన వాచీ గిన్నెలో వేసి వచ్చింది. వచ్చేసరికి అత్తగారి వేలు ఖాళీగా ఉంది. ఆవిడ చేతులు దులుపుకుంటూ పెరట్లో కొళాయి వైపు వెళ్తోంది.

ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే మట్టి ఎక్కడ అంటించుకుందో అనుకుంది కోడలు. అనుకుని ఊరుకుంది. క్లెయిముల తనిఖీలో అయితే అలా ఊరుకునేది కాదు.

"అమ్మా, చిన్న మాట."

వచ్చినాయన వాళ్ళ లాడ్జిలోనే దిగాడు. గడియారాలు రిపేరు చేస్తాడు. పొద్దున కాఫీ దగ్గర గోడ గడియారం ఆగిపోయి ఉంటే అడక్కుండానే కుర్చీ ఎక్కి బాగుచేసి దిగాడు. కోడలు ఆయనకి మనసులో గడియారాలాయన అని పేరు పెట్టుకుంది.

"మీ అత్తగారు కూర్చున్న చివరి చక్రం ఎడమచేతివాళ్ళ కోసమట. అదొక్కటే తిరగేసి తిరుగుతుందట. నాది పుర్రచెయ్యి. ఆవిడకి అభ్యంతరం లేకపోతే…"

కోడలు భర్తకి జవాబు టైపు చేస్తూ తలెత్తలేదు. "కూర్చోండి బాబాయిగారూ. ఆవిడకి ఏ చక్రమైనా ఒకటే."

ఆయన కూర్చున్నాడు. అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నా చోటేదే?"

"ఇటు, ఇటు రండి అత్తయ్యా. ఇక్కడ."

"మరి ఈ మన్ను నాదేనా? నా రెండు ముద్దలేనా ఇవి?"

"ఆఁ, ఆఁ" అంది కోడలు. 'ఇంతవరకూ బాగానే ఉన్నారు' అని టైపు చేసి, పంపేసి, ఫోన్ జేబులో పడేసింది.

ఆ తర్వాత షెడ్డులో కాసేపు ఒకటే గోల. చక్రాలు తిరిగాయి. మట్టి మాట వినలేదు. కోడలి మొదటి కుండ నోరు వెడల్పై, ఇంకా వెడల్పై, చివరికి టోపీలా వాలిపోయింది. రెండోది కూడా అదే దారి పట్టింది.

అత్తగారి చేతిలో మాత్రం మొదటి ముద్దే చిన్న గిన్నెగా లేచి నిలబడింది. బొటనవేలితో అంచు మడిచింది, అచ్చం చొక్కా అంచు మడిచినట్టు.

"భలే! రెండో ముద్దతో ఇంకా పెద్దది చెయ్యండి" అంది టీచరు.

"అది ఉండనీ తల్లీ. దాని పని దానిది" అంది అత్తగారు, తడిగుడ్డని ఇంకాస్త కిందికి లాగుతూ.

చివరి చక్రం దగ్గర గడియారాలాయన మొదటి ముద్దని గోడకి కొట్టినంత పని చేశాడు. రెండోదాన్ని టీచరు నిలబెట్టి ఇచ్చింది. ఊపిరి బిగబట్టి ఆయన దాన్ని ఒక పొట్టి కూజాగా లేపాడు. అడుగు ఇటుకంత మందం. "తీసేస్తే కూలుతుందేమో" అని దాని జోలికి పోలేదు. చివర్లో కుండని చక్రం నుంచి వేరుచెయ్యడానికి టీచరు సన్న తీగ ఇచ్చింది. రెండు చివర్లా చెక్కముక్కలున్న తీగ. ఆయన రెండు చేతులా పట్టుకుని అడుగున లాగాడు. సగంలో ఆగింది. గట్టిగా లాగాడు. టప్‌మని తెగింది.

అందరూ గొల్లున నవ్వారు.

"మన్నులో రాయేదో ఉన్నట్టుంది" అంది టీచరు. వెడల్పాటి రేకు పలక తెచ్చి, అడుగు మన్నుతో సహా కూజాని లేపి ఒక అట్టపెట్టెలో పెట్టింది. ఆయన ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోతున్నాడు, పచ్చికుండనే తీసుకెళ్ళి తన ఊళ్ళో కాల్పించుకుంటాడట.

అందరూ లేచి చేతులు కడుక్కుంటుంటే అత్తగారు ఒక్కతే కూర్చుండిపోయింది. తడిగుడ్డ తీసింది. రెండో ముద్దని చిదిమింది. మళ్ళీ చిదిమింది. వేళ్ళతో ముక్కలు ముక్కలు చేసి, పిసికి, ఉండ చేసి, మళ్ళీ విప్పింది.

పసిపిల్లలా మట్టితో ఆడుకుంటోంది అనుకుంది కోడలు. కానీ ఆ మొహంలో ఆట లేదు.

*

వీధి మలుపులో హోటలు. కిటికీ పక్క బల్ల. అత్తగారు కుడిచెయ్యి శాలువాలోంచి బయటికి తియ్యడం లేదు. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంది, ఎడమచేత్తో రొట్టె తుంచబోయింది, తుంచలేకపోయింది.

"అత్తయ్యా, చెయ్యి చూపించండి."

"ఏం, జాతకం చెప్తావా?"

"ఉంగరం ఏది?"

ఆవిడ శాలువా అంచుని వేలికి చుట్టుకుంటూ బల్ల మీద పడిన రొట్టె పొడిని ఒకచోటికి చేర్చింది.

"గిన్నెలో మర్చిపోయారా? ఎవరైనా తీసుకుని ఉంటే? ఉండండి, పరిగెత్తి చూసొస్తాను."

"గిన్నెలో వెయ్యలేదు."

"మరి?"

"గుర్తుంది నాకు. బాగా గుర్తుంది. కానీ అక్కడ లేదు." ఆవిడ గొంతు అంత చిన్నగా కోడలు ఎప్పుడూ వినలేదు. "లేదంటే… నాకు గుర్తున్నది తప్పేమో."

 కోడలి చెయ్యి అలవాటు ప్రకారం ఫోన్ మీదకి పోయింది. 'ఉంగరం పోగొట్టారు.' పంపేసింది. పంపిన మరుక్షణమే జవాబు, అతను ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నట్టు. 'ఇంక చాలు. షాపు తీసుకునే మనిషిని సాయంత్రం రమ్మంటాను. తాళాలు ఇచ్చేస్తాను.'

"రాశావా?" అంది అత్తగారు.

కోడలు ఉలిక్కిపడింది.

"నువ్వు నా మీద కాపలా అని బస్సెక్కినప్పుడే తెలుసమ్మాయ్. నేను బాత్రూమ్‌కి వెళ్ళొచ్చినా వాడికి కబురు పోతోంది. రాస్తే రాశావులే. పోయిన మాట నిజమేగా."

ఆవిడ అరిచి ఉంటే కోడలు ఎదురు అరిచేది. అరవలేదు. దాంతో కోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫోన్ బోర్లా పెట్టింది. కుర్చీ ముందుకి జరిపింది. తనకి చేతనైన పని ఒక్కటే, ప్రశ్నలడగడం.

"మొదట్నుంచీ చెప్పండి. ఉంగరం తీశారు. తర్వాత?"

"పిండి డబ్బా లేదుగా. చుట్టూ చూశాను. తడిగుడ్డ కింద రెండో ముద్ద కనిపించింది. దాన్ని పైకెత్తి, అడుగునుంచి వేలితో లోపలికి నొక్కేశాను. పైన మెత్తేశాను. చివర్లో తీసుకుందామని దాన్ని ముట్టుకోలేదు."

"మన్ను అంటుకుందని కొళాయి దగ్గరికి వెళ్ళారు."

"ఆఁ. వచ్చాక నా చోటు మారింది. అదే అడిగానుగా నిన్ను. నా రెండు ముద్దలేనా ఇవి అని. ఆఁ ఆఁ అన్నావు. చోటుతో పాటు పీట కూడా జరిపావనుకున్నాను."

కోడలి చేతిలో చెంచా ఆగిపోయింది.

చోటు మారింది. మార్చింది ఎవరు? తనే. ఫోన్ చూస్తూ 'కూర్చోండి బాబాయిగారూ' అంది. పీట జరపలేదు. మార్చానన్న సంగతే ఈ నిమిషం దాకా గుర్తుకి రాలేదు.

చివరి చక్రం. చివరి పీట. దాని మీద రెండో ముద్ద. దాంతో చేసిన పొట్టి కూజా. ఇటుకంత అడుగు. తెగిన తీగ!

"అత్తయ్యా, లేవండి."

"బిల్లు?"

"నేను కడతాను. మీరు నడవండి. కాదు, పరిగెత్తండి!"

*

టీచరు షెడ్డు కడుగుతోంది. అంతా విని నోరు తెరిచింది. "అడుగు మన్ను మొత్తం ఆ కూజాతోనే పోయిందమ్మా, పలకతో లేపేశాను కదా. ఆయన ఇప్పుడే రేవుకి వెళ్ళాడు. అవతలి ఒడ్డు లాంచీ కోసం."

లాంచీ కూత అక్కడికి వినిపించింది.

వీధి ఏటివాలుగా దిగుతుంది. కోడలు నీలం గొడుగు చంకలో పెట్టుకుని ముందు, అత్తగారు శాలువా నడుముకి బిగించి వెనక. సగం దారిలో వరస మారింది. రోజంతా మిషను తొక్కే కాళ్ళు ముందుకొచ్చేశాయి, కుర్చీలో కూర్చునే కాళ్ళు వెనకబడ్డాయి.

"ఏమ్మాయ్, ఆయాసమా? జిమ్ముకి వెళ్తానంటావు?"

"డబ్బు… కట్టాను… వెళ్ళలేదు…"

రేవులో బెంచీ మీద ఒక్క క్షణం కూలబడి కోడలు లాంచీ వంక చూసింది. కిటికీ పక్కన అట్టపెట్టె. దాని మీద రెండు చేతులూ పెట్టుకుని గడియారాలాయన. తాడు విప్పేస్తున్నారు.

"ఆగండి! బాబాయిగారూ! ఆ కుండ!"

ఇంజను హోరులో ఆయనకి వినపడలేదు. చెయ్యి ఊపుతున్నారనుకుని ఆయన కూడా మర్యాదగా చెయ్యి ఊపాడు. అత్తగారు ఇంక ఆలోచించలేదు. ఒడ్డుకీ లాంచీకీ మధ్య వేసిన చెక్క పలక మీదుగా లోపలికి దూకేసింది. కోడలు కూడా దూకింది. వెనక పలక లాగేశారు. మధ్యలో నీళ్ళు వెడల్పయ్యాయి.

"టికెట్టు?" అన్నాడు కండక్టరు.

"రెండివ్వు. రానూ పోనూ" అంది అత్తగారు.

గడియారాలాయన కథంతా విన్నాడు. విన్నంతసేపూ పెట్టె మీద చేతులు తియ్యలేదు.

"చూడమ్మా" అన్నాడు చివరికి. "జీవితమంతా ఒకళ్ళు చేసినవి విప్పి బిగించడమే నా పని. సొంత చేతుల్తో ఒక్కటైనా చేశావా అని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. ఇదిగో, ఇదొక్కటి చేశాను. దీన్ని పగలగొడతానంటారు."

"పగలగొట్టం. కుట్టు విప్పుతాం" అంది అత్తగారు.

"లోపల ఉంగరం లేకపోతే? టీచరు రాయి అందిగా." ఆయన కోడలి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీ అత్తగారు ఉంగరం అందులో పెట్టడం మీరు చూశారా?"

"చూళ్ళేదు."

"మరి?"

ఫోన్ మోగింది. భర్త. ఎత్తింది.

"అతను సాయంత్రం దాకా ఆగనని ఇప్పుడే వచ్చేశాడు. షాపు ముందు నిలబడ్డాం. నువ్వు రాసింది ఖాయమేగా? తాళాలు ఇచ్చేస్తున్నాను."

"ఒక్క నిమిషం ఆగండి."

"ఇంకా ఏముంది ఆగడానికి?"

"లైన్లో ఉండండి, చెప్తాను."

ఒక చెవిలో భర్త అసహనం. ఎదురుగా గడియారాలాయన చూపు. పక్కన అత్తగారు కిటికీలోంచి నీళ్ళు చూస్తోంది. ఆవిడ ఏమీ అడగడం లేదు, అడిగే హక్కు పోయిందన్నట్టు కూర్చుంది. ఖాళీ వేలిని బొటనవేలితో రుద్దుకుంటోంది. ఉంగరం ఉన్నప్పుడు దాన్ని తిప్పే అలవాటు.

కంటితో చూడనిదానికి కోడలు ఏనాడూ సంతకం పెట్టలేదు. పొద్దున్నుంచీ తన కళ్ళతో చూసింది ఏమిటి? ఫోను. ముద్ద ఎక్కడుందో, ఉంగరం ఎలా నొక్కిందో, తనేం అడిగిందో, అవతలివాళ్ళు ఏమన్నారో వరస తప్పకుండా చెప్పింది ఎవరు? అత్తగారు.

"ఉంటుంది బాబాయిగారూ" అంది కోడలు. "ఆవిడ పెట్టానంటే అక్కడే ఉంటుంది. పూచీ నాది."

"లేకపోతే?"

"మీ ఇంటికొచ్చి, మీ ఆవిడ ముందు నిలబడి, మీ వాటా తిట్లు కూడా నేనే తింటాను."

"మా ఆవిడ తిట్లా?" ఆయన పెట్టె మూత తీశాడు. "మీరు ధైర్యవంతులమ్మా."

గాలికి కూజా పైపైన కాస్త బిగిసింది గానీ మందపాటి అడుగు ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన దాన్ని పసిబిడ్డని తిప్పినట్టు ఒళ్ళో బోర్లించాడు. అత్తగారు శాలువా అంచున గుచ్చుకున్న సూది తీసింది. ఎక్కడికెళ్ళినా ఆ సూది అక్కడే ఉంటుంది. అడుగు మధ్యలో నిటారుగా దించింది. సూది మెత్తగా దిగిపోయింది. ఏమీ లేదు.

పక్కన గుచ్చింది. ఏమీ లేదు.

చుట్టూ జనం మూగారు. "ఏం చేస్తున్నారు?" "కుండకి ఇంజక్షనట." లాంచీ ఒరిగింది. కోడలు ఆవిడ మోచేతిని పట్టుకుంది. ఫోన్‌లో భర్త "హలో, హలో" అంటూనే ఉన్నాడు. సూది ఇంకోచోట దిగింది. దిగిపోయింది. అత్తగారి నుదుటి మీద చెమట పట్టింది.

"నేను నిటారుగా కాదుగా నొక్కింది" అంది ఆవిడ తనలో తను. "అడుగునుంచి. కొంచెం వాలుగా. నా వేలు ఇలా పోయింది." కళ్ళు మూసుకుంది. గాలిలోనే చూపుడువేలు ఒకసారి వంచి, ఆ వాలులో సూది పెట్టి నెట్టింది.

టిక్.

చిన్న చప్పుడు. గడియారాలాయన తల చప్పున వంగింది. జీవితమంతా అలాంటి చప్పుళ్ళు విన్న చెవి అది. "ఇది రాయి కాదు. లోహం!"

అత్తగారు సూదిని మెల్లిగా పైకి లాగింది. మొనకి చిక్కుకుని ఒక దారప్పోగు బయటికొచ్చింది. ఎర్రది.

ఎవరో ఈల వేశారు. అత్తగారు కుట్లు విప్పే చిన్న కత్తి తీసి వేలి గోరంత గాటు పెట్టింది. గడియారాలాయన జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకుని, సన్న పట్టకారుని ఎడమచేత్తో లోపలికి దించాడు.

"ఇంకొంచెం ఎడమకి" అంది ఆవిడ.

"నాకు చెప్పకండి. వేళ్ళు ఆనించే చోటు చూసుకోండి, గోడ వంగుతోంది."

"మీరు చెయ్యి కదపకండి."

"లాంచీ కదులుతోందమ్మా, చెయ్యి కాదు!"

ఉంగరం బయటికొచ్చింది. మట్టి పూసుకుని, ఒక పక్క తీగ కోసిన సన్నటి గీతతో. అత్తగారు దాన్ని తుడవకుండానే వేలికి తొడుక్కుని పిడికిలి బిగించింది. ఏడుస్తుందేమో అనుకుంది కోడలు. ఏడవలేదు. నీళ్ళ సీసా అడిగి తీసుకుని, వేలు తడుపుకుని, గాటు అంచులు ఒకదాని మీదకి ఒకటి లాగి మట్టిని మెత్తడం మొదలుపెట్టింది.

కోడలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"తాళాలు ఎవరికీ ఇవ్వకండి."

"అదేంటి? ఉంగరం పోయిందని రాసింది నువ్వేగా!"

"తప్పు రాశాను. అత్తయ్య ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది. ఆవిడ చోటు మార్చింది నేను. మార్చానని మర్చిపోయిందీ నేనే. ఎవర్నైనా అద్దెకివ్వాలంటే నన్నివ్వండి."

అటువైపు తాళాల గుత్తి గలగలా జేబులోకి పోయిన చప్పుడు వినిపించింది. "అమ్మకి ఇవ్వు" అన్నాడు చివరికి.

"నాకిప్పుడు తీరిక లేదని చెప్పు" అంది అత్తగారు తలెత్తకుండా. "కుండ కుడుతున్నాను."

పని అయ్యాక గడియారాలాయన కూజాని వెలుతురుకి పట్టి చూశాడు. అడుగున గాటు చోట చిన్న మెలిక మిగిలింది, చిరుగు కనపడకుండా రఫ్ఫు చేసిన గుడ్డలా. ఆయన దాన్ని వేలితో తడిమి మురిసిపోయాడు.

"తిప్పేటప్పుడే అడుగున ఏదో తగిలినట్టు అనిపించింది సుమా. కొత్తకదా, మట్టి అలాగే ఉంటుందనుకున్నాను" అన్నాడు. "మా ఆవిడకి ఇది చూపించి ఈ కథ చెప్తే నమ్మదు."

"మా ఫోన్ నంబరు రాసుకోండి. పూచీ ఉంటాను" అంది కోడలు.

*

తిరుగు లాంచీలో జనం పల్చగా ఉన్నారు. అత్తాకోడళ్ళు ముందు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఎండ మెత్తబడింది. ఇద్దరి గోళ్ళలోనూ మట్టి ఉంది.

"తాళం మాత్రం నిజంగానే మర్చిపోయానమ్మాయ్" అంది అత్తగారు ఉన్నట్టుండి. "పొద్దున వెళ్ళి చూస్తే షట్టర్ తెరిచే ఉంది. ముందురోజు వేశానో లేదో ఎంత గింజుకున్నా గుర్తుకి రాలేదు. భయమేసింది. చెప్తే మీరు గాభరాపడతారని చెప్పలేదు."

"మరి ఆ రెండు ఎడమ చేతులు?"

"అది మరుపు కాదే. కరెంటు పోయింది, పెళ్ళికి టైమవుతోందని ఆ మనిషి తలమీద కూర్చున్నాడు, చీకట్లో కుట్టేశాను. అయినా ఆ చొక్కా కంటే ఆయన నడకే వంకర."

కోడలు పకపకా నవ్వింది. నవ్వాగాక మెల్లిగా అంది. "ఊరెళ్ళాక ఒకసారి డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా."

"షాపు మూసెయ్యడానికా?"

"తెరిచి ఉంచడానికి. సాయంత్రం ఆఫీసు అవగానే నేను షాపుకొస్తాను. షట్టర్ ఇద్దరం కలిసి దించుదాం. తాళం మీరు వెయ్యండి, నేను లాగి చూస్తాను. లాగి చూడ్డమేగా నా ఉద్యోగం."

అత్తగారు ఆలోచించింది. ఉంగరాన్ని బొటనవేలితో ఒక చుట్టు తిప్పింది. ఎండిన మట్టి పొడిగా రాలింది.

"వస్తే ఊరికే నిలబడితే కుదరదు. గుండీలు కుట్టాలి."

"నాకు రాదుగా."

"మొదటి చొక్కా పాడుచెయ్యడానికే" అంది అత్తగారు. "నీ చొక్కాయే ఇస్తాను."

లాంచీ రేవుకి చేరుతోంది. కోడలు బ్యాగు సర్దుకుంది. భుజం చూసుకుంది. బల్ల కింద వంగి చూసింది. మొహం పాలిపోయింది.

"నీ గొడుగేనా వెతుకుతున్నావు?"

"ఎక్కడో…"

అత్తగారు చెయ్యి చాచింది. రేవులో బెంచీ, దాని మీద నీలం గొడుగు, మధ్యాహ్నం కోడలు కూలబడిన చోటే వాలుగా ఆని ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

"ఎక్కేటప్పుడే చూశాను, అక్కడ వదిలేశావని" అంది ఆవిడ. "పలక లాగేస్తున్నారు, చెప్పే టైము లేకపోయింది. ఫోన్ తియ్యి. వాడికి మెసేజి పెట్టాలి."

"ఏమని?"

"ఇవాళ నా పెళ్ళాం ఏమైనా మర్చిపోయిందా అని నన్ను అడగమను. చాలా ఉన్నాయి, ఒక్కొక్కటే చెప్తాను."